విమానం కార్డుకు రెండో ఏడు



మనది రైలు కూత వినపడని ఊరు. రైలెక్కాలంటే ఏలూరు పోవాలి. అలాంటి చింతలపూడిలో ఉండి ఈయన విమానం కార్డుల గురించి చెబుతాడేమిటని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండొచ్చు. నవ్వుకోండి, ఫర్వాలేదు. కానీ ఒక్కసారి మీ వీధిలో ఇళ్ళన్నీ గుర్తు తెచ్చుకోండి. పామాయిల్ తోట ఉన్న రైతుకు కొడుకు బెంగళూరులో, కూతురు డల్లాస్‌లో. కూతురి పురిటికని అమెరికా వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చిన అమ్మమ్మగారు ఆ పక్కింట్లో. వెనక వీధిలో కువైట్ నుంచి రెండేళ్ళకోసారి వచ్చి వెళ్ళే ఆడపడుచు. విమానం మన ఊళ్ళో దిగకపోయినా విమానం ఖర్చు మన ఇళ్ళలోకి ఎప్పుడో దిగింది. దాని వెనకాలే విమానం కార్డూ వచ్చింది.

ఒక బ్యాంకూ ఒక విమాన కంపెనీ కలిసి ఇచ్చే క్రెడిట్ కార్డు ఇది. దాని మీద ఏం కొన్నా కొన్ని పాయింట్లు పడతాయి. పాయింట్లు పోగుపడితే టికెట్టు తీసుకోవచ్చు. ఇందుకు ఏడాదికి ఇంత అని ఫీజు. ఇది మనవాళ్ళ చేతికి రెండు దారుల్లో వస్తుంది. కుర్రాడు ఉద్యోగంలో చేరగానే జీతం పడే బ్యాంకు అంటగట్టేది ఒకటి. విమానాశ్రయంలో టై కట్టుకుని నిలబడ్డ అబ్బాయి "సార్, ఒక్క నిమిషం" అని పిలిచి ఇచ్చేది రెండోది. మూడు వేలు ఫీజు కడితే ఆరు వేల టికెట్టు ఉచితం అంటాడు. కాదనేదెవరు?

అసలు ప్రశ్న రెండో ఏడు వస్తుంది. బిల్లులో ఓ మూల రెండు వరుసలు కనపడతాయి. వార్షిక రుసుము 3,000. దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 540. మొత్తం 3,540 రూపాయలు. కార్డు ఉంచుకోవాలా, తీసెయ్యాలా? ఈ పూట మాట్లాడుకునేది దాని గురించే.

మన గోదావరి వైపు కొత్తల్లుడికి తొలి సంక్రాంతికి జరిగే మర్యాద ఎలా ఉంటుందో మీకు తెలుసు. మొదటి ఏడు కార్డు ఇచ్చే టికెట్టు అలాంటిది. ఆ మర్యాద చూసి ప్రతి పండక్కీ విస్తరి నిండా అన్ని రకాలూ పడతాయని అల్లుడు ఎదురుచూస్తే ఎలా? "పోయినేడు ఆరు వేల టికెట్టు ఇచ్చిందండీ, పోనీలెండి, ఉండనీండి" అనేవాళ్ళు చాలామంది. పోయినేటి టికెట్టుకు పోయినేటి ఫీజు చెల్లయిపోయింది. ఈ ఏడు కట్టే 3,540కి ఈ ఏడు ఏమొస్తుంది? చూడాల్సిందల్లా అంతే. కొన్ని కార్డులు ఏటా ఫీజు కట్టగానే ఓ టికెట్టు ఇస్తాయి, నిజమే. అది ఈసారి కూడా ఇస్తున్నారా లేదా అన్నది షరతుల కాగితంలో చూసుకోవాలి. మార్చరని ఎవరూ రాసివ్వలేదు.

ఎలా మారతాయో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. టాటాలూ సింగపూర్ ఎయిర్‌లైన్సూ కలిసి నడిపిన విస్తారా 2015 జనవరిలో ఎగరడం మొదలుపెట్టింది. యాక్సిస్ బ్యాంకు, ఎస్‌బీఐ కార్డు, ఐడీఎఫ్‌సీ ఫస్ట్ బ్యాంకు దాని పేరు మీద కార్డులిచ్చాయి. యాక్సిస్ వాళ్ళ కార్డుల్లో 1,500 ఫీజుకు మామూలు తరగతి టికెట్టు, 3,000కి ప్రీమియం ఎకానమీ టికెట్టు, 10,000కి బిజినెస్ తరగతి టికెట్టు ఇచ్చేవాళ్ళు. ఏడాదిలో ఇంత ఖర్చు పెడితే ఇంకో టికెట్టు, ఇంకాస్త పెడితే మరొకటి. హైదరాబాదు, బెంగళూరు ఐటీ కుర్రాళ్ళు ఈ కార్డుల్ని ఎంత ఇష్టంగా వాడారో! 2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది. క్లబ్ విస్తారా పాయింట్లు ఒకటికి ఒకటి చొప్పున ఎయిరిండియా మహారాజా క్లబ్బులోకి వెళ్ళాయి. అక్కడి దాకా న్యాయమే. 2025లో కార్డుల మీద వచ్చే టికెట్లు మాత్రం ఆగిపోతూ వచ్చాయి. జేబులో కార్డు ఉంది, దాని మీద పేరున్న విమానం లేదు.

అంతకు ముందూ ఇలాంటివి జరిగాయి. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలు నేలకు దిగి మళ్ళీ లేవలేదు. కింగ్ క్లబ్బు పాయింట్లు కూడబెట్టినవాళ్ళకు అవి అంకెలుగానే మిగిలాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆఖరి విమానం దిగింది. దాని పాయింట్ల వ్యవహారం వేరే కంపెనీ చేతిలో ఉండబట్టి, ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని కొన్నాళ్ళు బతికింది. అందుకని పాయింట్లను ఫిక్స్‌డ్ డిపాజిట్టులా దాచుకోకూడదంటాను. డిపాజిట్టుకు వడ్డీ పెరుగుతుంది. పాయింటుకు విలువ తగ్గడమే చూశాం. కూడాయా, వాడెయ్యండి.

ఇప్పుడు ఉచిత టికెట్టు సంగతి దగ్గరగా చూద్దాం. ఫోనులో ఆ టికెట్టు బుక్ చేస్తుంటే మూల ధర సున్నా అని చూపిస్తుంది. మనం మురిసిపోతాం. ఆ కింద విమానాశ్రయం వాడకం ఫీజు, భద్రతా ఫీజు, పన్నులు, ఇంకా కొన్ని ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఆ మొత్తం మనమే కట్టాలి. ఆరు వేల టికెట్టులో ఈ బాపతు పదిహేను వందలు ఉన్నాయనుకోండి, మీకు మిగిలింది నాలుగున్నర వేలే. పైగా ఉచిత సీట్లు అన్ని రోజుల్లోనూ దొరకవు. సంక్రాంతికి పిల్లలు ఇంటికి రావాలనుకునే రోజుల్లో అస్సలు దొరకవు. మనకు అవసరమైన రోజు దొరకని టికెట్టును ఆరు వేల కింద ఎందుకు లెక్కేసుకోవాలి? అది లేకపోతే జేబులోంచి తీసి ఎంత పెట్టేవాళ్ళో, దాని విలువ అంతే.

అది సరే, చింతలపూడి మనిషి ఏ విమానం ఎక్కుతాడు? మనకు దగ్గర విమానాశ్రయం గన్నవరం. ఏలూరు, హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్ళినా, నూజివీడు మీదుగా వెళ్ళినా దాదాపు రెండు గంటలు. గంటన్నర ముందే అక్కడ ఉండాలి. హైదరాబాదుకు గాలిలో ఉండేది గంట. శంషాబాదులో దిగి, పెట్టె తీసుకుని, ఊళ్ళోకి చేరేసరికి మరో గంటన్నర. ఆరు గంటలు. ఇంటి దగ్గర కారెక్కితే సత్తుపల్లి, ఖమ్మం, సూర్యాపేట మీదుగా ఇంచుమించు అదే సమయానికి హైదరాబాదులో దిగుతారు, అదీ మామిడిపళ్ళ బుట్టతో సహా. కాబట్టి చింతలపూడి నుంచి హైదరాబాదుకు విమానమన్నది ముచ్చటకే. దాని కోసం కార్డుకు ఫీజు కట్టడం దండగ.

బెంగళూరు అయితే కొంచెం ఆలోచించవచ్చు. శేషాద్రి ఎక్స్‌ప్రెస్ తాడేపల్లిగూడెంలోనూ ఏలూరులోనూ ఆగుతుంది, రాత్రి ప్రయాణం, బెర్తు దొరికితే దానికి మించిన సుఖం లేదు. దొరక్కపోతే గన్నవరం నుంచి విమానం. ఏడాదికి మూడు నాలుగుసార్లు అలా వెళ్ళొచ్చే కుర్రాడికి ఇండిగో కార్డో, మరొకటో లెక్క కుదరొచ్చు. కుర్రాడి కార్డు కుర్రాడి దగ్గరే ఉండాలి. ఏడాదికి ఒకసారి వెళ్ళే నాన్నగారి పేరు మీద ఇంకో కార్డు ఎందుకు?

అమెరికా ప్రయాణం కాస్త పెద్ద కథ. ఇక్కడివాళ్ళు ఎక్కువగా హైదరాబాదులో ఎక్కి దోహాలోనో దుబాయ్‌లోనో అబుదాబిలోనో మారి వెళతారు. పిల్లలు అక్కడి నుంచి టికెట్టు కొని పంపుతారు. ఎయిరిండియా కార్డు జేబులో పెట్టుకుని ఖతార్ విమానం ఎక్కితే ఆ ఖాతాలో పాయింటు కూడా పడదు. ఖతార్ వన్‌వరల్డ్ అనే జట్టులో ఉంది. ఎయిరిండియా 2014 జులై నుంచి స్టార్ అలయన్స్ జట్టులో ఉంది. లుఫ్తాన్సా, సింగపూర్, యునైటెడ్, టర్కిష్ ఆ జట్టువే. 2024 జనవరి నుంచి లుఫ్తాన్సా హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నడుపుతోంది, అలా వెళితే ఎయిరిండియా ఖాతాలో రాసుకోవచ్చు. ఎమిరేట్స్ ఏ జట్టులోనూ లేదు. పిల్లలు టికెట్టు చౌకగా ఎక్కడ దొరికితే అక్కడ కొంటారు, అలాగే కొనాలి కూడా. పాయింట్ల కోసం పదివేలు ఎక్కువ పెట్టి వేరే విమానం ఎక్కమని అమ్మానాన్నలకు చెప్పే కొడుకుంటే, వాణ్ణి కార్డు పట్టుకున్నట్టే లెక్క.

ఇంకో మాట. అమెరికాలో ఉండగా ఇక్కడి కార్డు గీకితే చాలా కార్డులకు మూడున్నర శాతం మారకపు రుసుము పడుతుంది, దాని మీద జీఎస్టీ. యాభై వేల ఖర్చుకు 1,750, జీఎస్టీ 315, వెరసి 2,065 రూపాయలు. రెండు వందలకు నాలుగు పాయింట్లిచ్చే కార్డు అయితే ఆ ఖర్చుకు వచ్చేది వెయ్యి పాయింట్లు. పాయింటుకు రూపాయి కట్టినా సగానికి సగం నష్టం.

విమానాశ్రయంలో లాంజ్ ఉంటుంది, రెండు రూపాయలు గీకి లోపలికెళ్ళి ఇడ్లీ, ఉప్మా, కాఫీ. దాని కోసమే కార్డు ఉంచుకున్నవాళ్ళున్నారు. చాలా బ్యాంకులు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లాంజ్ అని మెలిక పెట్టాయి. ఏడాదికి ఒకసారి ఇడ్లీ తినడానికి మూడు వేల ఐదు వందలా?

ఇక ఊళ్ళో ఖర్చులు. పాయింట్లు రావాలంటే కార్డు గీకాలి. చింతలపూడిలో ఎక్కడ గీకుతాం? ఎరువుల కొట్టులో ఖాతా. కొల్లేరు వైపు చేపల చెరువులవాళ్ళకు మేత డీలరు దగ్గర అరువు, చేపలు పట్టాక లెక్క. కిరాణా, కూరగాయలు, టీ కొట్టు ఫోనుతో చెల్లింపు. రూపే క్రెడిట్ కార్డయితే యూపీఐకి కలుపుకోవచ్చు, ఆ వెసులుబాటు 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చింది. విమానం కార్డులు చాలావరకు రూపేవి కావు. పెట్రోలు, అద్దె, కరెంటు బిల్లు లాంటి వాటికి పాయింట్లు కోసేసిన కార్డులు బోలెడు. మిగిలింది ఏలూరులో బంగారం. అక్కడ కార్డు తీయగానే షాపు ఆయన నవ్వుతూ "రెండు శాతం పడుతుందండీ" అంటాడు. లక్ష రూపాయల గొలుసుకు రెండు వేలు. మన కార్డు ఇచ్చేది రెండు వేల పాయింట్లు. ఆయన చేత్తో తీసుకున్నది బ్యాంకు చేత్తో మనకిచ్చింది, అంతే. నగదుకు ఆయన తరుగులో తగ్గించేది ఉంటే అదీ పోయినట్టే.

అన్నిటికన్నా ప్రమాదం, "ఇంకో ముప్ఫై వేలు ఖర్చు పెడితే మీకు టికెట్టు" అనే మెసేజి. ఎలాగూ కొనాల్సిన ఫ్రిజ్జు ఈ నెలలో కొంటే తప్పులేదు. కొనక్కర్లేనిది కొని టికెట్టు సంపాదిస్తే, ఆ టికెట్టుకు ముప్ఫై వేలు పెట్టి కొన్నట్టే.

బిల్లు పూర్తిగా కట్టలేక కనీస మొత్తం మాత్రమే కట్టి నెట్టుకొస్తున్నవాళ్ళకు ఈ లెక్కలేవీ వర్తించవు. వాళ్ళ లెక్క వేరు. నెలకు మూడున్నర శాతం వడ్డీ, అంటే ఏడాదికి నలభై రెండు. నలభై వేల బాకీ మీద ఒక్క నెలకు 1,400, జీఎస్టీ 252, కలిపి 1,652 రూపాయలు. ఆ నలభై వేలు గీకినందుకు వచ్చినవి ఎనిమిది వందల పాయింట్లు. పైగా బాకీ ఉండగా కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ, మామూలుగా వడ్డీ లేకుండా దొరికే నలభై యాభై రోజుల గడువు ఉండదు. ముప్ఫై శాతం దాటి వడ్డీ వేయకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కోర్టు కాపాడుతుందని కూర్చోవద్దు. బంగారం మీద బ్యాంకులో అప్పు తీసుకునైనా ఆ బాకీ తీర్చి, కార్డు మూసెయ్యండి. మీకు విమానమూ వద్దు, పాయింట్లూ వద్దు.

ఈ పాయింట్ల పథకం ఎలా పెరిగిందో కాస్త చెప్పి ముందుకు వెళతాను. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు మైళ్ళు రాసి ఉంచే పథకం పెట్టింది. మరో ఆరేళ్ళకు, 1987లో, సిటీ బ్యాంకుతో కలిసి కార్డు తెచ్చింది. విచిత్రం ఏమిటంటే అదే 1981లో మన ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డు తెచ్చింది, దేశంలో ఈ పని చేసిన తొలి బ్యాంకుల్లో అదొకటి. 1923లో బందరులో ఆ బ్యాంకు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పుట్టింది ఏలూరు పక్కన గుండుగొలనులో. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బ్యాంకుల పేర్లూ నిలవవన్నమాట.

పాయింట్లు విమాన కంపెనీ ప్రేమతో ఇచ్చేవి కావు. వాటిని బ్యాంకుకు అమ్ముతుంది. బ్యాంకు ఆ డబ్బును మన ఫీజులోంచీ, దుకాణదారు దగ్గర కోసే రుసుములోంచీ, బాకీ పెట్టినవాళ్ళ వడ్డీలోంచీ రాబట్టుకుంటుంది. ఇది ఎంత పెద్ద వ్యాపారమంటే, కరోనాలో విమానాలు ఆగిపోయినప్పుడు 2020లో యునైటెడ్ తన మైళ్ళ పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. మరుసటి ఏడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ వెయ్యి కోట్ల డాలర్లు తెచ్చుకుంది. అంత లాభం ఉన్నది ఎవరికో దీన్నిబట్టే తెలుస్తోంది కదా.

అలాగని అందరినీ కార్డు తీసెయ్యమనను. డల్లాస్‌లో ఉన్న అమ్మాయిని తీసుకోండి. డల్లాస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత ఊరు లాంటిది. సిటీ వాళ్ళ ఆ కార్డుకు ఏడాదికి 99 డాలర్లు. ఆ దేశం లోపల తిరిగేటప్పుడు కార్డు ఉన్నవాళ్ళకూ, అదే టికెట్టు మీద వచ్చే నలుగురికీ మొదటి పెట్టె ఉచితం. పెట్టెకు 2024 నాటి ధర ఆన్‌లైన్‌లో 35 డాలర్లు. భార్యాభర్తలు ఒక్కసారి వెళ్ళొస్తే 140 డాలర్లు మిగిలాయి. ఆ అమ్మాయి కార్డు ఉంచుకోవాల్సిందే. ఎందుకు? ఆ పెట్టె డబ్బు కార్డు లేకపోతే తప్పకుండా కట్టేదే కాబట్టి. వాళ్ళమ్మానాన్నలు చింతలపూడిలో ఉంచుకోవడానికి మాత్రం అలాంటి కారణం ఒక్కటీ దొరకదు.

తీసెయ్యాలని నిర్ణయించుకున్నవాళ్ళు తొందరపడి ఫోను చెయ్యొద్దు. ముందు పాయింట్లు చూడండి. విమాన కంపెనీ ఖాతాలోకి చేరిన పాయింట్లు మామూలుగా కార్డు మూసినా ఉంటాయి. బ్యాంకు దగ్గరే ఉన్నవి పోతాయి, వాటిని ముందే బదిలీ చేసుకోవాలి. ఆ కార్డు మీద నెలనెలా పడే సినిమా యాప్ చందా, బీమా కిస్తీ ఏమన్నా ఉంటే వేరే చోటికి మార్చుకోవాలి. త్వరలో ఇంటి అప్పుకు దరఖాస్తు పెట్టేవాళ్ళు, అది మంజూరయ్యే దాకా ఆగండి. పాత కార్డు మూస్తే మొత్తం పరిమితి తగ్గి సిబిల్ స్కోరు కొంచెం కదలొచ్చు. ఆ తర్వాత బ్యాంకుకు ఫోను చేసి, "ఫీజు మాఫీ చెయ్యండి, లేదా ఫీజు లేని కార్డుకు మార్చండి, లేదా మూసెయ్యండి" అని చెప్పండి. ఆ వరసలోనే అడగండి. మూస్తానన్న మాట వినగానే మాఫీ ఇచ్చే బ్యాంకులున్నాయి. అలా ఫీజు పోతే ఇంకో ఏడాది ఉంచుకోవడంలో నష్టం లేదు.

అవతలి వాళ్ళు మాటల్లో పెట్టి తిప్పుతుంటే రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాలు గుర్తు చెయ్యండి. బాకీ ఏమీ లేకుండా మీరు మూసెయ్యమని అడిగిన ఏడు పనిదినాల్లో కార్డు మూయాలి. దాటితే మూసే దాకా రోజుకు 500 రూపాయలు మీకు వాళ్ళే కట్టాలి. ఖాతాలో మీ సొమ్ము మిగిలి ఉంటే అది మీ బ్యాంకు ఖాతాకు పంపాలి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిన ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫిర్యాదుకు రుసుము లేదు, వివరాలకు 14448కి ఫోను చెయ్యొచ్చు. ఆ ఐదు వందలు అడగడానికి మొహమాటపడకండి. మీరు ఒక్క రోజు ఆలస్యంగా కడితే వాళ్ళు మొహమాటపడరు.